అక్క వద్దంది

సూవా,
2003 మార్చి 6, గురువారం

మరదలు అరియేతకు,

ఐసు పెట్టె కడిగి, ఎండబెట్టి తిప్పి పంపుతున్నాను. ఈ ఉత్తరం మూత కింద ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది. దానితోపాటు టీపొడి, చక్కెర, నువ్వడిగిన పూల గుడ్డ. గుడ్డ నువ్వు రాసిన కొలత కంటే ఒక గజం ఎక్కువ తీసుకున్నాను. నీ నడుము గురించి నువ్వెప్పుడూ నిజం రాయవు.

ఈ వారం కూడా చేప తల అందింది. ఆకు విప్పకముందే మీ అన్నయ్య నవ్వడం మొదలుపెట్టాడు.

ఇక పని సంగతి. మన చర్చి వృద్ధాశ్రమం కమిటీ నాకొక బాధ్యత అప్పజెప్పింది. కిందటేడు గుడ్లు పంపే ఆయన చెప్పాపెట్టకుండా కోళ్ళ షెడ్డు మూసేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రొట్టెలు చేసే చోట ఎలుకలున్నాయని బయటపడింది. మొదట్లో ఎవరో ఒకసారి వెళ్ళి చూసి, బాగుందని రాసి వచ్చారు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. మా అధ్యక్షురాలు మిసెస్ రామ్‌లోచన్ ఒకప్పుడు హెడ్‌మిస్ట్రెస్. "పెళ్ళిచూపుల్లో చూసిన పిల్లాడు జన్మంతా అలాగే ఉంటాడా? సరుకు పంపేవాళ్ళూ అంతే. మూడు నెలలకోసారి వెళ్ళి చూస్తూ ఉండాలి," అంది. ఇంటి లెక్కలు పద్ధతిగా రాసేది ఎవరంటే అందరూ నా వంక చూశారు.

పాలవాడి బండి చూశాను. రొట్టెల పిండి గది, గ్యాసు గోదాము, కూరగాయల తోట చూశాను. అడగవలసినవి అడిగి ఫారాల్లో రాశాను. మిగిలింది చేపలు. చేపలు పంపేది నా తమ్ముడు, నీ ఇనోకె.

"ఒక ఫోను చేసి అడగండి," అంది మేడమ్. మీ ఊరి రేడియో ఫోనులో మాట్లాడితే సగం దీవి వింటుందని చెప్పాను. "అయితే క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు అడగండి," అంది. అప్పుడు చెప్పక తప్పలేదు. మాలో అక్కాతమ్ముళ్ళు పెద్దయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఒక చాప మీద కూర్చోరు, వాడు వీధి గుమ్మంలోకి వస్తే నేను పెరటి దారిన వెళతాను, అది కోపం కాదు గౌరవం అని చెప్పాను. నేనేది అడిగినా వాడు కాదనడానికి లేదు, అందుకే నేను ఏదీ అడగకూడదు అని కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మరి ఎవరిని అడుగుతారు?" అంది. "మా మరదల్ని. మా ఇద్దరి మధ్య బూతులకి కూడా అడ్డు లేదు," అన్నాను.

కాబట్టి నువ్వే అడిగి, ఇందులో పెట్టిన ఫారంలో రాయి. చేపలు ఎక్కడ పడుతున్నాడు? ఐసు ఎక్కడినుంచి వస్తోంది? వాడికి జ్వరమొస్తే వేటకు ఎవరు వెళతారు? గాలి ఎక్కువగా ఉన్న వారం ఏం చేస్తాడు? నేను అడిగినట్టు చెప్పకు. నీకే సందేహం వచ్చినట్టు అడుగు.

ఆశ్రమంలో మన సేమి మామ బాగున్నాడు. మీ చేప వచ్చే గురువారం తప్ప మిగతా రోజుల్లో ఇంకా సరిగ్గా తినడు. "ఇది ఇనోకె పట్టిందేనా?" అని అడిగి, అవునంటే అప్పుడు చెయ్యి కడుక్కుంటాడు.

నీ వదిన
మెరెవాలేసి


నుకులేవు, కందవు దీవి,
మార్చి 18

వదినా,

గుడ్డ సరిపోయింది. ఒక గజం మిగల్లేదు, జానెడు మిగిలింది. ఆ జానెడు నీ నోటికి కుట్టుకో.

నీ తెలివి పనిచెయ్యలేదు. పెట్టె విప్పేటప్పుడు నీ తమ్ముడు పక్కనే ఉన్నాడు. నీ చేతిరాత చూసి మొహం పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి స్నానం చేసి, ఆదివారం చొక్కా తొడుక్కుని వచ్చి గుమ్మం బయట కూర్చున్నాడు. "ఇప్పుడు చదువు," అన్నాడు.

"ఉత్తరం వినడానికి చొక్కా ఎందుకయ్యా?" అన్నాను.

"మాట్లాడేది అక్క," అన్నాడు.

నా నడుము సంగతి వదిలేసి మిగతాదంతా చదివాను. ప్రతి ప్రశ్నకీ ఒకటే జవాబు: "అక్కతో అవునని చెప్పు." ఐసు ఎక్కడిది అంటే అవును ఏమిటయ్యా అని తిట్టాను. ఐసు ప్రభుత్వ మత్స్యశాల నుంచి వస్తుంది. చేపలు మన పగడపు గట్టు లోపల పడతాడు. జ్వరం రాదట. గాలి గురించి అడిగితే, "అక్క గురువారం కోసం చూస్తుంటుంది కదా," అన్నాడు. అది జవాబో కాదో నువ్వే చూసుకో. నేను మాత్రం అన్ని గడుల్లోనూ అవును అని రాసేశాను.

తల సంగతి నీకు తెలుసో లేదో. చిన్నప్పుడు మీ అమ్మ చేప తల నీ ఆకులో వేస్తే, "నాకొద్దు, నాకు పడదు," అని ఆయన ఆకులోకి తోసేదానివట. నీకు అదే ప్రాణమని మా పెళ్ళయ్యాక ఎవరో ముసలమ్మ చెబితే తెలిసిందట. ఆ రోజు అన్నం దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయాడు. నీకు వారం వారం తల ఎందుకొస్తోందో ఇప్పుడు తెలిసిందా? నేను చెప్పానని ఎవరికీ చెప్పకు.

కర్రపెండలం నాలుగు దుంపలు పెట్టాను. ముద్దగా ఉడకకపోతే తప్పు నీ పొయ్యిది.

అరియేత


సూవా,
మే 22

మరదలా,

దుంపలు బాగా ఉడికాయి. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, క్షమించు.

తల సంగతి చదివి ఉత్తరం మడిచి పెట్టాను. దాని గురించి ఇంకేమీ రాయను.

మొదటి తనిఖీలో మీ ఫారం గట్టెక్కింది. అన్నీ అవును అని ఉన్న ఫారం ఇదొక్కటేనని మేడమ్ నవ్వింది. అయితే రెండు సంగతులు. ఈ మధ్య పెట్టెలో గట్టు చేపలు తగ్గి, లోతు నీళ్ళల్లో ఉండే ఎర్ర చేపలు వస్తున్నాయని వంటావిడ చెప్పింది. నేనూ చూశాను. వాడు గట్టు దాటి వెళుతున్నాడా? లోపల చేపలు తగ్గాయా?

రెండోది మంచి మాట. ఏ సరుకైనా ఒక్కరి మీదే ఆధారపడకూడదని కమిటీ నిర్ణయం. ఆ ఒక్కరికీ కష్టం, మనకీ కష్టం. అందుకని చేపల వరసలో ఇనోకె పేరు పక్కన లామిలో ఉన్న చేపల కొట్టు పేరు కూడా రాశాం. మీ పెట్టె రాని వారం అక్కడ కొంటాం. ఇక వాడికి ఏ హడావిడీ ఉండదు. నాకు మనసు తేలికపడింది.

సేమి మామ కాళ్ళు వాచాయి. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఆయన డాక్టర్ని తగ్గించమన్నాడు.

మెరెవాలేసి


నుకులేవు,
జూన్ 3

మెరెవాలేసి గారికి,

మీ ఉత్తరం అందింది. మీ తమ్ముడికి చదివి వినిపించాను. చొక్కా తొడుక్కునే విన్నాడు.

ఇంకొకరి పేరు పక్కన రాశారన్న దగ్గర నన్ను ఆపి, మళ్ళీ చదవమన్నాడు. చదివాను. లేచి వెళ్ళి పడవ అడుగు గీకుతూ కూర్చున్నాడు. అది పోయిన వారమే గీకాడు.

సూవాలో ఎలాగో నాకు తెలియదు. ఇక్కడ మనిషి యంగోనా తాగడానికి రాకపోయినా గిన్నె చుట్టూ అతని చోటు ఖాళీగానే ఉంచుతాం. బతికున్నవాడి చోట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టం. "నేను తక్కువ పంపానేమో. అక్కకి నలుగురిలో మాటొచ్చి ఉంటుంది," అన్నాడు.

గట్టు దాటుతున్నాడా అని అడిగారు. దాటుతున్నాడు. ఒడ్డుకి రాగానే పెదనాన్న కొడుకొస్తాడు, పాస్టరు గారింటి నుంచి వస్తారు, కొత్తగా బాలింత ఉన్న ఇంటి నుంచి వస్తారు. అడిగినవాళ్ళకి లేదనడం మనలో ఉందా? పెట్టె నిండకముందే సగం చేప వెళ్ళిపోతుంది. ఆ సగం కోసం గట్టు గండి దాటి బయటి సముద్రంలోకి వెళుతున్నాడు. ఈ సంగతి మీ ఫారంలో ఏ గడిలో రాయాలో చెప్పండి, రాస్తాను.

ఆయన్ని మానిపించాలని ఉంటే ఆ మాటే చెప్పండి. పక్కన పేరు రాయనక్కర్లేదు.

అరియేత


సూవా,
జూన్ 26

అరియేతా,

గారు అని రాశావు. పెళ్ళి కూతురివై మా ఇంటికి వచ్చిన రోజే నన్ను గున్న ఏనుగు అన్నదానివి. ఆ గారు చూసి పెట్టె పక్కనే కూర్చుండిపోయాను. వంటావిడ వచ్చి చేపలు తీసుకెళ్ళింది.

నేను చెప్పదలుచుకున్నది ఒకటి, మీ ఇంటికి చేరింది ఇంకొకటి. రెండో పేరు రాసింది వాడిని తీసెయ్యడానికి కాదు, వాడు ఇంట్లో పడుకునే వారం ఒకటి ఉండాలని. ఈ ఫారాలన్నీ అందుకే. పాలవాడి బండికి కొత్త చక్రం కావాలని మేము వెళ్ళి చూసేదాకా ఎవరికీ తెలియదు. చూస్తే కదా ఎవరి మీద ఎంత బరువు పడుతోందో తెలిసేది. మీ ఇంటికి మాత్రం నేను వచ్చి చూడలేకపోయాను.

ఊళ్ళోవాళ్ళ సంగతి రాసి మంచి పని చేశావు. అది రాయడానికి గడి లేదు. ఫారం వెనక వైపు రాశాను. పెట్టెలో సగం వస్తే చాలని మేడమ్‌తో మాట్లాడాను, ఒప్పుకుంది.

ఇప్పుడు గాలులు మొదలయ్యాయి. రోజూ రేడియోలో వాతావరణం వింటున్నాను. ఈసారి దాపరికం ఏమీ వద్దు. నా మాటగానే చెప్పు. మా పెళ్ళిళ్ళయ్యాక వాడికి నేను పంపుతున్న మొదటి మాట ఇదేనని చెప్పు. గాలి ఉన్నప్పుడు వేటకు వెళ్ళొద్దు. గురువారం చేపలు రాకపోయినా నాకేం ఫరవాలేదు. నాకు చేప వద్దు.

నీకు బిస్కెట్లు పంపుతున్నాను. తిట్టు, కానీ గారు అనకు.

మెరెవాలేసి


నుకులేవు,
జూలై 8

గున్న ఏనుగు వదినా,

బిస్కెట్లు అందాయి. సగం మెత్తబడ్డాయి, నా కోపం లాగే.

నీ మాట చెప్పాను, నీ మాటగానే. ఒక్క అక్షరం వదల్లేదు. ఆయన తల వంచుకుని విన్నాడు. తర్వాత నవ్వాడు. అన్నాళ్ళకి ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. "అక్క నాకోసం నోరు విప్పింది," అన్నాడు. ఇంజను విప్పి శుభ్రం చేసుకుంటున్నాడు. కొత్త తాడు కొన్నాడు.

ఇక మన మధ్య ఏమీ లేదు. నువ్వు క్రిస్మస్‌కి వచ్చేటప్పుడు పెద్ద గిన్నె ఒకటి తీసుకురా. ఇక్కడివి నీ తిండికి సరిపోవు.

అరియేత


సూవా,
ఆగస్టు 14, గురువారం

మరదలా,

ఇవాళ ఓడ వచ్చింది. నీ పెట్టె రాలేదు. ఓడ గుమస్తాని రెండుసార్లు అడిగాను. "నుకులేవు నుంచి ఏమీ ఎక్కలేదమ్మా, అక్కడ సముద్రం బాగాలేదు," అన్నాడు.

నాకెంత సంతోషంగా ఉందో నీకు ఎలా రాయాలి? రేవు నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు. ఇంతకాలానికి నా తమ్ముడు నా మాట విన్నాడు. కాళ్ళు చాపుకుని యంగోనా తాగుతూ, నీ చేత నాలుగు మాటలు పడుతూ ఉంటాడు. పడనీ.

లామిలో చేపలు కొన్నాం. మరీ అంత బాగాలేవు, ఆ మాట వాడికి చెప్పు, సంతోషిస్తాడు. ఫారంలో ఈ వారం గడిలో 'రాలేదు' అని రాస్తూ పక్కన చిన్న పువ్వు గీశాను. మేడమ్ చూసి ఇదేమిటంది. మా ఇంటి సంగతి అన్నాను.

నీ దగ్గర మిగిలిపోయిందే కాక ఇక్కడ నా దగ్గర పాత పెట్టె ఒకటుంది. అందులో ఈ ఉత్తరం, వాడికి ఒక కొత్త చొక్కా పెట్టి రేపటి ఓడకి ఇప్పుడే ఇచ్చి వస్తాను. నా ఉత్తరాలు వినీ వినీ పాత చొక్కా చిరిగిపోయి ఉంటుంది.

మెరెవాలేసి


నుకులేవు,
సెప్టెంబరు 9

వదినా,

నువ్వు ఇక్కడ ఉన్న రోజుల్లో మన ఇద్దరికీ మాట్లాడుకోవడం కుదరలేదు. ఇంటినిండా జనం, చాపలు, వంటలు. నువ్వు తల దగ్గర కూర్చున్నావు, నేను కాళ్ళ దగ్గర. అందుకే రాస్తున్నాను.

నువ్వు దిగిన ఓడలోనే నీ పెట్టె కూడా దిగింది. నీకు గురువారం సాయంత్రం రేడియోలో కబురు అందేటప్పటికే దాన్ని రేవులో ఇచ్చేశావట. గుమస్తా మన గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటికి ఆయన ఇంకా దొరకలేదు. దొరికాక, ఆ చొక్కాయే తొడిగాం. నువ్వు చూసే ఉంటావు. ఉత్తరం మాత్రం అందరూ వెళ్ళాక చదివాను. పువ్వు గీశానని రాసిన చోట ఆపేశాను. మళ్ళీ ఎన్నాళ్ళకో మిగతాది చదివాను.

నీకు తెలియాల్సింది ఒకటుంది. దాచి మోయడం నావల్ల కాదు.

బుధవారం గాలి బాగా లేచింది. గట్టు మీద తెల్లటి నురుగు ఇంటి దగ్గరికి కనబడుతోంది. ఆయన తాడు చుట్టుకుంటున్నాడు. "మీ అక్క వద్దంది కదయ్యా, చెవులు లేవా?" అని అరిచాను. అదే నవ్వు నవ్వాడు.

"మా అక్క వద్దంటే ఏమిటో నీకు తెలియదే. తల కూడా వద్దనే అనేది. నేను నిజమనుకుని చిన్నప్పుడంతా తినేశాను. ఇంకోసారి మోసపోతానా? చేప వద్దని ప్రత్యేకంగా కబురు పెట్టిందంటే అక్కడ ఎంత కరువుగా ఉందో. పోయిన వారం కూడా సగం పెట్టే పంపాను."

వెళ్ళిపోయాడు. నేను కొంచెం సేపు నిలబడి, పొయ్యి దగ్గరికి వచ్చేశాను. ఆ మాట నాకు కూడా నిజమే అనిపించింది వదినా. మనింట్లో ఎవరు మాత్రం కావాలని అడిగారు? నేను కొత్త కోడలిగా వచ్చి మూడు పూటలు ఆకలి లేదన్నాను, మీ అమ్మ మూడు పూటలూ కొసరి వడ్డించింది.

నిన్ను తిట్టడానికి నాకు అడ్డు లేదు. తిట్టాలని కూర్చున్నాను. రావడం లేదు.

ఆయన పేరున పెద్దలు గట్టు మీద కొమ్మలు పాతారు. నూరు రాత్రులు ఎవరూ వల వెయ్యకూడదు. ఊరంతా డబ్బా చేపలు తింటోంది.

అరియేత


సూవా,
అక్టోబరు 2

అరియేతా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో రాయను.

తనిఖీ రోజు వచ్చింది. చేపల ఫారంలో సరఫరా ఎందుకు ఆగింది అని ఒక గడి ఉంది. వాతావరణం అని రాస్తే సరిపోతుందని ఒకావిడ అంది. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. మేడమ్ ఫారం నా చేతిలోంచి తీసుకుని, "ఇది ఖాళీగా ఉండనీ," అంది. నీ మాట గుర్తొచ్చింది, చోటు ఖాళీగానే ఉంచుతారన్నావు.

ఆవిడ నన్ను ఈ పని మానెయ్యమనలేదు. నేనే అడిగాను, మానేస్తానని. "మానేస్తే మిగతావాళ్ళని ఎవరు చూస్తారు?" అంది. నిన్న పాలవాడి దగ్గరికి వెళ్ళాను. ఫారం సంచిలోంచి తియ్యకుండా వాళ్ళింట్లో టీ తాగి కూర్చున్నాను. వాడి భార్య చెప్పింది, వాడికి రాత్రిళ్ళు కళ్ళు సరిగా కనబడడం లేదట, అయినా తెల్లవారకముందే బండి తోలుతున్నాడట. ఇన్ని నెలల్లో నేను అడిగిన ఏ ప్రశ్నకీ ఆ మాట బయటికి రాలేదు. రేపటి నుంచి పాలు తెల్లవారాకే తెమ్మని చెప్పి వచ్చాను.

సేమి మామకి ఇంకా చెప్పలేదు. గుండె ఆగిపోతుందని డాక్టరు భయపడుతున్నాడు. గురువారం లామి చేప పెట్టి, ఇనోకె పంపాడని చెప్పాం. ఆయన చెయ్యి కడుక్కుని తిన్నాడు. "ఈ మధ్య మనవాడు మంచి చేప పట్టడం లేదు. ఒంట్లో బాగుందా వాడికి?" అని అడిగాడు. బాగున్నాడని నేనే చెప్పాను.

నూరో రాత్రికి వస్తున్నాను. చాపలు, గుడ్డ, పెద్ద గిన్నె తెస్తాను. ఇంకా ఏమైనా కావాలంటే రాయి. కావాలంటే కావాలనే రాయి.

మెరెవాలేసి


నుకులేవు,
డిసెంబరు 2

వదినా,

నువ్వు వెళ్ళాక ఇల్లు మళ్ళీ పెద్దదైపోయింది. గిన్నె కూడా పెద్దదే.

కావాల్సింది రాయమన్నావు కదా, రాస్తున్నాను. సేమి మామ కోసం చేపలు ఇకమీదట ఊరి ఆడవాళ్ళం పంపుతాం. గట్టు లోపల నడుము లోతు నీళ్ళల్లో వల వేస్తాం. దొరికితే పంపుతాం. గాలి ఉంటే పంపం. నాకు జ్వరం వస్తుంది, వచ్చినప్పుడు పడుకుంటాను. నీ ఫారంలో ఇలాగే రాసుకో, ఒక్క అవును కూడా పెట్టకు. లామి కొట్టు పేరు పక్కన ఉండనీ. ఆయన గడి మాత్రం కొట్టెయ్యకు. కింద ఇంకో గీత గీసి మాది రాయి.

మూడు నెలలకోసారి నువ్వే రా. వచ్చి నా చాప మీద కూర్చో.

ఆ నూరో రాత్రి సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. పెద్దలు కొమ్మలు పీకేశాక మొదటి వలలో పడ్డ చేపలు వండాం. పెద్దదాని తల నీ ఆకులో వేసింది నేనే. కావాలనే వేశాను. నువ్వు దాన్నే చూస్తూ కూర్చున్నావు. వద్దంటావని, నా ఆకులోకి తోస్తావని ఎదురు చూశాను. నువ్వు ఆకు చేత్తో పట్టుకుని లేచి, ఆయన సమాధి దగ్గరికి వెళ్ళి కూర్చున్నావు. నేను గిన్నెలు సర్దుతున్నట్టు నీ వెనకే వచ్చాను.

నలభై ఏళ్ళు దాచుకున్న మాటల్లో ముందు ఏది వస్తుందా అనుకున్నాను. ఏడుస్తావనుకున్నాను. క్షమించమంటావనుకున్నాను.

"ఇనోకె," అన్నావు. "ఇది నాకు కావాలి."

అని, ముళ్ళు తప్ప ఏమీ మిగలకుండా తిన్నావు.

అరియేత